సముద్రం వైపు గది అడగడం

రిసార్టులో మామూలు గది తీసుకుని, అదే డబ్బుకి ఇంకా మంచి గది ఎలా అడగాలో చెప్పే వీడియో ఒకటి మా ఆడపడుచు కూతురు నా ఫోనుకి పంపింది. ఆ పిల్ల హైదరాబాదులో ఉద్యోగం చేస్తుంది, లోకంలో ప్రతి పనికీ ఒక వీడియో ఉంటుందని నమ్ముతుంది. కౌంటరు దగ్గరికి నవ్వుతూ వెళ్ళాలట. అక్కడున్న మనిషి పేరు చొక్కా మీది బిళ్ళలో చదివి, ఆ పేరు పెట్టి పలకరించాలట. ఇవాళ మా పెళ్ళిరోజని చెప్పాలట, కాకపోయినా. పక్కన ఎవరూ లేనప్పుడు, గొంతు తగ్గించి అడగాలట. చూసి నవ్వుకున్నాను. తెనాలిలో గానీ రేపల్లెలో గానీ ఇలా అడిగినవాళ్ళని నేను బుద్ధెరిగి చూడలేదు. అసలు మా వైపు ఎవరూ ఏదీ అడగరు. ముందు ఎదుటి మనిషిది ఏ ఊరో కనుక్కుంటారు. తరవాత ఆ ఊళ్ళో ఎవరి తాలూకో కనుక్కుంటారు. చుట్టరికమో, పరిచయమో, కనీసం ఎప్పుడో ఒకే పెళ్ళిలో భోంచేసిన జ్ఞాపకమో దొరికేదాకా తవ్వుతారు. అది దొరికాక, ఇక ఇవ్వడం అవతలివాళ్ళ పని అన్నట్టు కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటారు.

ఈ రోగం నాకు కొత్త కాదు. తెనాలిలో నాది మ్యాచింగ్ సెంటరు. జాకెట్టు ముక్కలు, లైనింగులు, చీర ఫాల్సులు అమ్ముతాను. ఇరవై ఏళ్ళుగా కౌంటరు వెనకే నిలబడ్డాను. రోజుకి ఇద్దరైనా వచ్చి, మీ బావగారు మాకు బాగా తెలుసండి అంటారు. జాకెట్టు ముక్కకీ మా బావగారికీ ఏం సంబంధమో వాళ్ళు చెప్పరు, నేను అడగను. అలా అన్నవాళ్ళకి ముందు రేటు కాస్త పెంచి చెప్పి, తరవాత మొహమాటపడుతున్నట్టు తగ్గిస్తాను. వాళ్ళు ఏదో సాధించినట్టు మొహం పెట్టుకుని వెళ్తారు. కొంచెం తగ్గించండి అని నేరుగా అడిగినవాళ్ళకే నిజంగా తగ్గిస్తాను. ఇన్నేళ్ళలో ఈ సంగతి ఒక్కరూ కనిపెట్టలేదు.

ఆ బావగారు మా అక్క మొగుడు. రేపల్లెలో దస్తావేజు లేఖరి. రిజిస్ట్రారు ఆఫీసు బయట బల్ల వేసుకుని అమ్మకాల కాగితాలు, పంపకాల కాగితాలు, వీలునామాలు రాసేవారు. ఇప్పుడు మానేశారు. బల్ల తీసేశారు గానీ ఆ బుద్ధి మాత్రం తీసేయలేకపోయారు. ఎవరైనా ఎదురుపడితే ఆయన మనిషిని చూడరు, ఆ మనిషి పొలానికి తూర్పున ఎవరు, పడమట ఎవరు అని చూస్తారు. ఫోనులో మూడొందల నంబర్లున్నాయని చెప్పుకుంటారు. అందరూ ఆయనకి మనవాళ్ళే. అంతమంది మనవాళ్ళుండగా టిక్కెట్టు కొనడం, వరసలో నిలబడడం, దయచేసి అనడం ఆయనకి తలవంపులు.

అక్క మోకాళ్ళ ఆపరేషనుకి ముందు తెనాలిలో ఒక డాక్టరుకి చూపించడానికి ఇద్దరూ వచ్చారు. టోకెను తీసుకుని కూర్చుంటే గంటన్నరలో అయిపోయే పని. ఆయన టోకెను తీసుకోనివ్వలేదు. లోపల ఎక్స్‌రే తీసే కుర్రాడి మేనమామ ఆయనకి బాగా తెలుసట, ఆ కుర్రాడు అన్నానికి వెళ్ళాడట, రాగానే వెనక తలుపులోంచి లోపలికి తీసుకెళ్తాడట. టోకెన్ల వాళ్ళంతా మా కళ్ళ ముందే ఒక్కొక్కరూ లోపలికి వెళ్ళి బయటికి వచ్చారు. కుర్రాడు వచ్చేసరికి డాక్టరు వెళ్ళిపోయాడు. మర్నాడు మళ్ళీ రేపల్లె నుంచి రైల్లో వచ్చి, టోకెను తీసుకుని చూపించుకున్నారు. మనవాడు ఉండబట్టి ఇవాళైనా అయిందని బావగారు నాతో అన్నారు. అక్క రెండు మోకాళ్ళూ రెండు చేతులతో పట్టుకుని ఆ మాట విన్నది.

రేపల్లెకి సముద్రం ఎంతో దూరం లేదు. అక్క నలభై ఏళ్ళ పైబడి అక్కడే కాపురం ఉంది. కార్తీకంలో చుట్టాలందరితో కలిసి ట్రాక్టరెక్కి సూర్యలంక స్నానానికి వెళ్ళేది. వెళ్ళి ఒడ్డున సామాను దగ్గర కూర్చునేది. అందరి చెప్పులు, పొడిబట్టలు, మెడల్లోంచి తీసిచ్చిన గొలుసులు ఆవిడ ఒళ్ళో ఉండేవి. పులిహోర గిన్నెలో ఇసక పడకుండా చూడాలి, కుక్కల్ని అదిలించాలి. జనం నడిచేది రోడ్డు వైపు నుంచి కాబట్టి సామాను కాసే మనిషి అటు తిరిగి, సముద్రానికి వీపు పెట్టి కూర్చోవాలి. అందరూ అయ్యాక నువ్వూ వెళ్దువుగాని అనేవారు బావగారు. అందరూ అయ్యేసరికి అందరికీ ఆకలేసేది, అక్క విస్తళ్ళు పరిచేది. తిరుగు ప్రయాణంలో నీళ్ళు బాగున్నాయని ఎవరో అంటే, అవునట అనేది. నేను కూడా ఆ ట్రాక్టర్లలో వెళ్ళాను. నా గొలుసూ ఆవిడకే ఇచ్చాను.

ఆపరేషనయిన కొన్ని నెలలకి ఒకరోజు అక్క నాకు ఫోను చేసింది. డాక్టరు ఇసకలో నడవొద్దన్నాడట. "గదిలో కూర్చుని సముద్రం మీద తెల్లారడం చూడొచ్చటగా, నీకేమైనా తెలుసా?" అంది. ఆవిడ నోరు తెరిచి నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి.

బాపట్ల దగ్గర ఒడ్డున కొత్తగా వచ్చిన ఒక రిసార్టు ఉంది. పేరెందుకు లెండి. కార్తీకం జనం వెళ్ళిపోయాక, మార్గశిరంలో ఒక మంగళవారం చూసుకుని ఫోనులో గది తీసుకోబోతే, సముద్రం వైపు గదులు ఖాళీ లేవని చూపించింది. తోట వైపు గదులే ఉన్నాయి. అందులోనే ఒకటి తీసుకున్నాను. ఆ వీడియో నాకు అప్పుడే వచ్చింది. నవ్వుకున్నానని చెప్పాను గానీ, నవ్వుకుంటూనే మనసులో ఒక వాక్యం తయారు చేసుకున్నాను. మా అక్కకి మోకాళ్ళ ఆపరేషనయింది, ఇసకలో నడవలేదు, సముద్రం కనిపించే గది ఏదైనా ఖాళీ అయితే మార్చగలరా అండి. ఇంతే. లైనింగు గుడ్డ కొలుస్తూ రోజుకి పదిసార్లు అనుకున్నాను.

మేమిద్దరమే వెళ్దామనుకున్నాం. ఆడవాళ్ళిద్దరూ వెళ్ళి అక్కడ ఎవరితో ఏం మాట్లాడతారని బావగారు బయల్దేరారు. ఆయన కోసం రెండో గది తీసుకున్నాను. పొద్దున ఇద్దరూ రేపల్లె రైల్లో తెనాలి వచ్చారు. అక్కడినుంచి కారు మాట్లాడుకుని పొన్నూరు మీదుగా వెళ్ళాం. దారి పొడుగునా ఆయన ఫోనులో ఉన్నారు. బాపట్లలో మనకెవరున్నారు అనేది సమస్య. పొన్నూరు దాటేలోపు ఒక పెద్దమనిషిని పట్టుకున్నారు. ఆయనకి రిసార్టు ఓనరు తెలుసట. గది సంగతి వదిలేయండి అన్నాడట. బావగారు ఫోను జేబులో పెట్టుకుని, అద్దంలోంచి మా ఇద్దరినీ చూసి, పని చేయడం అంటే ఇదీ అన్నట్టు తలాడించారు. అక్క కిటికీలోంచి కోసిన వరిచేలు చూస్తోంది.

రిసార్టులో కౌంటరు దగ్గర ఒక అమ్మాయి ఉంది. మా కొట్లో పనిచేసే పిల్లల వయసే. మధ్యాహ్నం పన్నెండయింది, మేము తప్ప మనుషులు లేరు. చేతికర్రతో అడుగులో అడుగేసుకుంటూ వస్తున్న అక్కని చూసి ఆ అమ్మాయి తనే కౌంటరు దాటి వచ్చి సోఫాలో కూర్చోబెట్టింది. నా ఫోనులో గది తీసుకున్న కాగితం చూసుకుంది. వెనక గోడకి వరసగా తాళంచెవులున్నాయి, కొన్నింటికి ఆకుపచ్చ బిళ్ళలు, కొన్నింటికి నీలం బిళ్ళలు. కాసేపు కంప్యూటరులోకి చూసి, అక్క వైపు చూసి, చెయ్యెత్తి నీలం బిళ్ళ తాళంచెవి ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. నేను చూశాను. ఆ బిళ్ళ మీద అల గుర్తు ఉంది.

నా వాక్యం నాలిక మీదే ఉంది. అనలేదు. ఎందుకనలేదో అప్పటినుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను, ఆలోచించినప్పుడల్లా నా మీద నాకే అసహ్యం వేస్తోంది. కౌంటరుకి అవతలి పక్క నిలబడి అడగడం నాకు అలవాటు లేదు. మా కొట్లో పిల్ల లాంటి పిల్లని బతిమాలడం నామోషీ అనిపించింది. తాళంచెవి ఎలాగూ తీసిందిగా, అడగకుండానే వస్తే మర్యాదగా ఉంటుందిగా అని కూడా అనిపించింది. అంటే బావగారికీ నాకూ తేడా ఏంటో మీరే చెప్పండి.

ఆ రెండు నిమిషాల్లో ఆయన నన్ను పక్కకి జరిపి ముందుకి వచ్చారు. "మీదే ఊరమ్మా?" అన్నారు.

వేమూరండి అంది ఆ అమ్మాయి. వేమూరులో ఎవరి తాలూకన్నారు. చెప్పింది. తాత పేరన్నారు. చెప్పింది. బావగారి మొహం వెలిగిపోయింది. అక్కడితో ఊరుకున్నా ఏ గొడవా లేకపోయేది. ఆయన ఊరుకునే మనిషి కాదు. కౌంటరు మీద మోచెయ్యి ఆనించి, మీ తాత కొడుకులిద్దరికీ పొలం పంచినప్పుడు పంపకాల కాగితం రాసింది ఎవరనుకున్నావు, నేనే అన్నారు. తూర్పు సరిహద్దు కాలవ కట్ట, పడమర బండ్ల డొంక అని చదవడం మొదలుపెట్టారు. కాలవ పక్క పొలం చెక్క పెద్దవాడికి, మెరక చెక్క చిన్నవాడికి. ఇన్నేళ్ళయినా ఒక్క ముక్క మర్చిపోలేదు చూడమ్మా అన్నారు. మెరక అంటే నీళ్ళెక్కని ఎత్తు నేల. మా వైపు ఆ మాట ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

"చిన్నవాడు మా నాన్నండి," అంది ఆ అమ్మాయి.

గొంతు పెంచలేదు. బల్ల మీది నీలం బిళ్ళ తాళంచెవి తీసి వెనక్కి తిరిగి గోడకి తగిలించింది. ఆకుపచ్చ బిళ్ళలవి రెండు తీసి నా ముందు పెట్టింది. బావగారు ఇదేమీ గమనించలేదు, ఆయన ఇంకా డొంక దగ్గరే ఉన్నారు. సముద్రం వైపు గది సంగతి ఎత్తితే, అవి లేవండి అంది. ఆయన నవ్వి, ఉంటాయిలేమ్మా, మీ ఓనరుగారి నుంచి ఫోనొస్తుంది చూడు అని సోఫాలో కూర్చుని కాలు మీద కాలు వేసుకున్నారు.

నాలుగింటిదాకా అక్కడే కూర్చున్నాం. తెనాలి నుంచి తెచ్చుకున్న పెరుగన్నం ఆ సోఫాలోనే తిన్నాం. బాపట్ల పెద్దమనిషి ఐదు నిమిషాలంటాడు, మళ్ళీ ఫోను చేస్తే ఐదు నిమిషాలంటాడు. గదిలోకి వెళ్ళి నడుం వాలుద్దామని నేనంటే, ఒకసారి ఆ గదిలో సామాను దింపితే ఇక మార్చరని బావగారు ఒప్పుకోలేదు. అక్క వాచిన కాళ్ళు ఎదురుగా బల్ల మీద పెట్టుకోవాలని చూసి, మళ్ళీ ఎవరేమనుకుంటారో అని దించేసుకుంది. చివరికి పెద్దమనిషి, ఓనరు దొరకడం లేదు, కౌంటరులో నా పేరు చెప్పండి చాలు అన్నాడు. బావగారు లేచి, పంచె సర్దుకుని, వెళ్ళి ఆ పేరు చెప్పారు.

"ఆయనెవరండి?" అంది ఆ అమ్మాయి.

మా గది తలుపు తీస్తే ఎదురుగా జనరేటరు, నీళ్ళ ట్యాంకు, తాడు మీద ఆరేసిన తువ్వాళ్ళు. తోట అని రాసుకున్నది రెండు కుండీల క్రోటన్లు. సముద్రం చప్పుడు మాత్రం వినిపిస్తోంది. అక్క ఆ చప్పుడు వచ్చే వైపుకి, గోడకి మొహం చేసి మంచం మీద కూర్చుంది. మంచి గదేలే, పరుపు మెత్తగా ఉంది అంది. ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీద మండిందో అప్పుడు నిజం ఒప్పుకోలేదు. బావగారి మీద, ఆ పెద్దమనిషి మీద, ఆ అమ్మాయి పొగరు మీద అనుకున్నాను.

పొద్దున మెలకువ వచ్చి చూస్తే పక్క మీద అక్క లేదు. చేతికర్ర లేదు. ఇసకలో ఎక్కడ పడిందో అనుకున్నాను. జుట్టు ముడేసుకుంటూ పరిగెత్తాను. వెలుగు వచ్చేస్తోంది. కౌంటరులో ఆ అమ్మాయే ఉంది. నన్ను చూసి ఏమీ అడగకుండా ముందు వరండా వైపు చూపించింది. చివరి గది తలుపు తెరిచి ఉంది. బయట బాల్కనీలో కుర్చీ వేసుకుని, ఎదురుగా ఇంకో కుర్చీ మీద రెండు కాళ్ళూ చాపుకుని మా అక్క కూర్చుంది. పక్కన టీ గ్లాసు. ఎదురుగా సముద్రం తప్ప ఏమీ లేదు. సూర్యుడు అప్పుడే సగం పైకి వచ్చాడు.

ఏం జరిగిందో ఆవిడ చెబితే విన్నాను. ఐదింటికి లేచి కర్ర పట్టుకుని ఒక్కతే కౌంటరు దాకా నడిచిందట. ఇసకలో నడవలేనమ్మా, ఒక్క గంట సముద్రం కనిపించే చోట కూర్చోవాలని ఉంది, కుదురుతుందా అని అడిగిందట. నిన్న మా ఆయన అన్నదానికి ఏమీ అనుకోవద్దని కూడా అందట. ఆయన రాశారంతే, పంచింది మా తాతేగా అండి, అన్నదట ఆ అమ్మాయి. ఆ గది నిన్నటి నుంచీ ఖాళీయేనట. ఓనరు తాలూకు ఎవరైనా పెద్దవాళ్ళు వస్తారేమోనని అలాంటివి రెండు ఎప్పుడూ ఆపి ఉంచుతారట, ఫోనులో చూపించరట. చాలా రోజులు ఎవరూ రారట. అడిగితే ఇస్తామండి, ఎవరూ అడగరు అందట.

ఎవరూ రాని పెద్దమనుషుల కోసం దుమ్ము పట్టే గదులు, ఎవరో తెలియని పెద్దమనుషుల పేర్లు మోసుకొచ్చే మనుషులు. ఆ గదులకి ఈ మనుషులు సరిపోయారు అనుకున్నాను. ఆ మాటే అక్కతో అని నవ్వించబోయాను. ఆవిడ నవ్వలేదు. సముద్రం మీంచి కళ్ళు తిప్పకుండానే, "నిన్న ఆ పిల్ల తాళంచెవి తీసినప్పుడు నేనూ చూశానే. నువ్వు అడుగుతావనుకున్నాను," అంది.

టీ గ్లాసు ఆవిడ చేతికి అందేలా దగ్గరికి జరిపాను.

ఏడింటికి బావగారు తలకి రాసుకున్న కొబ్బరినూనె వాసనతో సహా వచ్చారు. గుమ్మంలో నిలబడి గదినీ బాల్కనీనీ సముద్రాన్నీ చూశారు. మొహం విప్పారింది. "చూశారా, ఆలస్యమైనా మనవాడు మాట నిలబెట్టుకున్నాడు," అన్నారు. వెంటనే బాపట్ల పెద్దమనిషికి ఫోను చేసి, మీ దయవల్ల మా ఆవిడ సముద్రం చూసిందండి అని చెప్పారు. అటు నుంచి ఆయన, అదెంత పని అన్నట్టున్నాడు. వెళ్ళేటప్పుడు కౌంటరు దగ్గర ఆగి, నీ గురించి మీ ఓనరుగారికి ఒక మంచి మాట చెప్పిస్తానమ్మా అన్నారు. సరేనండి అంది ఆ అమ్మాయి. నా వైపు చూసింది. ఆ గది ఇచ్చింది ఈ అమ్మాయి, మీ మనవాడు కాదు అని బావగారితో అనడానికి నాకు మళ్ళీ ఒక అవకాశం వచ్చింది. కారు వాడు తొందరపెడుతున్నాడని నాకు నేను చెప్పుకున్నాను.

నెల తిరక్కుండా అక్క ఫోను చేసింది. మోకాళ్ళు బాగున్నాయట, మళ్ళీ ఒకసారి వెళ్ళి ఆ గదిలో రెండు రోజులు ఉండాలనుందట. ఈసారి ఆయనకి చెప్పొద్దు, మనిద్దరమే వెళ్దాం అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. తప్పు దిద్దుకునే దారి దొరికిందనుకున్నాను. ఆ అమ్మాయికి నేనే ఫోను చేస్తాను, ఆ చివరి గదే కావాలని ముందుగా నేనే అడిగి పెడతానని గబగబా చెప్పాను.

అక్క అంతా విన్నది.

"అడిగేదేదో నేను అడుగుతాలేవే," అంది. "నువ్వు సామాను చూసుకో."